బాణీ పక్కన పేరు

"గా పేరు కొట్టెయ్ కొడుకా! నా కొడుకు పేరు రాయి!"

నిజామాబాద్ బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటర్‌లో ఎడపల్లవ్వ గొంతుకు అందరూ తలలు తిప్పి చూశారు. కంప్యూటర్ ముందున్న రామ్‌దాస్ ఆమెకు కుర్చీ జరిపాడు. చనిపోయిన స్నేహితుడు ఆత్మారాం తల్లి ఆమె. బోధన్‌లో బీడీలు చుట్టుకునే మనిషి, పని మానుకుని బస్సెక్కి వచ్చింది.

ఆత్మారాం సెల్‌ఫోన్ ఆటలకు సంగీతం కట్టేవాడు. పోయిన ఎండాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఏ ఆటకు ఎవరు బాణీ కట్టారో రాసిపెట్టే వెబ్‌సైట్ ఒకటుంది. ఆటలంటే పిచ్చి ఉన్నవాళ్లు దేశదేశాల నుంచి అందులో పేర్లు ఎక్కిస్తుంటారు. రామ్‌దాస్ కూడా ఆ పిచ్చివాళ్లలో ఒకడే. ఆత్మారాం చివరి బాణీ పక్కన ఎవరో ఆడమనిషి పేరుందని ఈ తల్లి దగ్గర నోరు జారాడు.

"నేను సొంతంగ రాసింది కాదవ్వా. ఆట అయిపోయినంక తెర మీద ఏ పేరొస్తే గదే రాయాలె. గది రూలు."

"రూలట రూలు! సొమ్మొకనిది, సోకొకనిదా? నేను బీడీలు సుడుతుంటె నా పక్కపొంటి కూసొని కట్టిండు గా పాట. నా కండ్లతోని సూసిన."

"సూసినోళ్లు చెప్తె మార్చొచ్చు. కని నీకు పాట గుర్తున్నదా?"

ఆమె కళ్లు మూసుకుని కూనిరాగం తీసింది. రామ్‌దాస్ ఒళ్లు జలదరించింది. అచ్చం ఆ బాణీయే, ఎక్కడా తేడా లేదు. ఇంకా అనుమానమేముంది? తల్లి కంటే పెద్ద సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

"పెండ్లి లేదు, పిల్లల్లేరు. ఆని పేరు ఏడనన్న ఒక్క తాన మిగలాలె బిడ్డా" అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రామ్‌దాస్‌కూ దుఃఖం ఆగలేదు. పాత పేరు తుడిచేసి, ఆత్మారాం అని కొట్టాడు.

"అయ్యిందవ్వా. గిదే నీ కొడుకు పేరు."

చదువు రాని ఆ తల్లి, తెర మీది అక్షరాలను చంటిపిల్లవాడి చెంపల్లా నిమిరింది. కాసేపటికి మళ్లీ కోపం ముంచుకొచ్చింది.

"నా కొడుకు కష్టం మింగిన దాని నోట్లె మన్నువడ! ఎవతది? దాని పేరేంది?"

"ఇంటిపేరు గూడ లేదు. ఉత్త గంగమణి అని ఉండె."

ఎడపల్లవ్వ చెయ్యి తెర మీదే ఆగిపోయింది.

"'నువ్వు తీసిన రాగమే నేను వాయించిన, పాట నీదేనే అవ్వా' అంటుండె నా కొడుకు. నవ్వులాటకు అంటుండనుకున్న."

"ఏమంటున్నవవ్వా?" రామ్‌దాస్‌కు అర్థం కాలేదు.

"ఎడపల్లి నుంచి కోడలిగ వచ్చినంక అందరు మా ఊరి పేరుతోనే పిలిచిండ్రు కొడుకా... గంగమణి అంటె నేనే."