రిఫరీగారి చూపు

"కూతురు ఆడుతుంటే తండ్రి రిఫరీయా? ఇదెక్కడి న్యాయమండీ?" అన్నాడు నీలం జట్టు డ్రిల్లు మాస్టారు.

రావలసిన రిఫరీ కాలు బెణికి మంచం మీద ఉన్నాడు. రెండు బడుల ఐదో తరగతి పిల్లలూ బూట్ల లేసులు కట్టుకుని, విప్పుకుని, మళ్ళీ కట్టుకుంటూ మైదానంలో కాచుకుని ఉన్నారు. ఫుట్‌బాల్ నియమాలు తెలిసిన పెద్దమనిషి ఆ దగ్గర్లో ఇంకొక్కడే ఉన్నాడు. బడి ఎదురుగా కళ్ళద్దాల షాపు ఆయనది. కాలేజీ రోజుల్లో బాగానే ఆడాడు. వచ్చిన చిక్కల్లా ఆయన కూతురు పసుపు జట్టులో ఉండడమే. గోల్‌కీపర్‌కి ముందు నిలబడి వచ్చిన బంతినల్లా కాళ్ళతో అడ్డుకునే ఆ పిల్లని బడంతా పిడుగు అని పిలుస్తుంది.

పసుపు జట్టు హెడ్మిస్ట్రెస్ కల్పించుకుంది. అక్కర్లేని వాళ్ళకి అద్దాలు అక్కర్లేదని చెప్పి పంపేసే షాపువాడు లోకంలో ఈయనొక్కడేనని, అలాంటి మనిషి ఆటలో అన్యాయం చెయ్యడని పూచీ పడింది. కళ్ళద్దాలాయన మాత్రం వద్దు మొర్రో అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్న సామెత తన కోసమే పుట్టిందనిపించింది ఆయనకి. అయినా ఎవరూ వినలేదు. ఈల తెచ్చి చేతిలో పెట్టేశారు.

ఆట మొదలయ్యాక ఆయన నిజాయితీ కాస్త మోతాదు మించింది. పిడుగు ఎవరి పక్కనుంచి పరిగెత్తినా ఫౌలే. బంతి గీత దాటి ఎవరిదో తేలకపోతే అది నీలం వాళ్ళదే. గట్టు మీద కూర్చున్న ఆయన భార్య, ఈ ఈలాయనెవరో తనకి తెలియదని చుట్టుపక్కల తల్లులకి చెప్పుకుంది. నీలం మాస్టారికి అదీ చాల్లేదు. గీత వెంబడే నడుస్తూ రిఫరీని అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. ఆ చూపులకి జడిసి కళ్ళద్దాలాయన ఈల నోట్లోంచి తియ్యకుండానే మైదానమంతా పరిగెత్తాడు.

చెరి రెండు గోల్స్ అయ్యాయి. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా బంతి పసుపు జట్టు గోల్ ముందుకొచ్చింది. పిల్లలంతా దాని మీద ఈగల్లా ముసిరారు. వాన మొహం చూసి చాన్నాళ్ళయిన నేల. ఒక్కసారిగా దుమ్ము లేచి అందరినీ కమ్మేసింది. ఎవరి కాలెక్కడుందో, బంతి ఎక్కడుందో గట్టు మీద వాళ్ళకి తెలియలేదు.

ఈల మోగింది.

ఎక్కడి పిల్లలక్కడ ఆగిపోయారు. దుమ్ము అణిగాక చూస్తే బంతి పిడుగు కాళ్ళ దగ్గరుంది. నీలం పిల్లలు "చెయ్యి తగిలింది, చెయ్యి తగిలింది" అని అరిచారు. బంతి ఎటు పోయినా అలా అరవడం వాళ్ళకి మామూలే. రిఫరీ మొహం ఎర్రబడి ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఓసారి కూతురి వైపు చూశాడు, ఓసారి నీలం మాస్టారి వైపు చూశాడు. తర్వాత మెల్లగా పెనాల్టీ గుర్తు వైపు చెయ్యి చూపించాడు.

"నాకు తగల్లేదు నాన్నా. నీ మీద ఒట్టు," అంది పిడుగు.

ఆయన బంతిని తెచ్చి గుర్తు మీద పెట్టాడు. నీలం జట్టు పిల్లాడు బంతిని గోల్‌లోకి తన్నాడు. దాంతో పసుపు జట్టు ఓడిపోయింది.

నీలం మాస్టారు పరిగెత్తుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కన్నకూతురని కూడా చూడలేదని, అంత దుమ్ములో ఎవరికీ కనబడనిది ఆయన కంట పడిందని, చూపంటే అదీ అని మెచ్చుకున్నాడు. ఆయన ఏదో చెప్పబోతే వినయమనుకుని చెప్పనివ్వలేదు. మర్నాటినుంచి షాపుకి గిరాకీ పెరిగింది. నీలం జట్టు తల్లిదండ్రులు వరసగా వచ్చి కళ్ళు చూపించుకుని, ఆయన కళ్ళని పొగిడి వెళ్ళారు. పొగిడిన కొద్దీ ఆయన మొహం చిన్నబోయేది.

ఇంట్లో సంగతి వేరు. పిడుగు ఆయన్ని నాన్నా అనడం మానేసింది. మంచినీళ్ళ సీసా కావాలన్నా "రిఫరీగారూ, అది కాస్త ఇటివ్వండి" అనేది. రిఫరీగారు స్నానానికి వెళ్ళారా అని వాళ్ళమ్మని అడిగేది. మొదట ఆయన నవ్వాడు. రెండు రోజులు గడిచేసరికి ఆ పిలుపు వింటే ముద్ద దిగడం మానేసింది. ఆ పిల్ల ఇక జన్మలో నాన్నా అనదేమోనని నిజంగానే భయం పట్టుకుంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు రచ్చ గెలిచి ఇంట్లో ఓడారు," అంది భార్య. "దాన్ని కూర్చోబెట్టుకుని మాట్లాడండి."

ఆదివారం పొద్దున్న ఆయన గుండె చిక్కబట్టుకుని వాకిట్లోకి వెళ్ళాడు. పిడుగు మెట్ల మీద కూర్చుని బూట్లకంటిన మట్టి గీకుతోంది.

"ఆ రోజు పెనాల్టీ గురించి నీకో మాట చెప్పాలమ్మా," అన్నాడు.

"ముందు నేను చెబుతా నాన్నా."

నాన్నా అన్న మాట చెవిన పడగానే ఆయన పక్కమెట్టు మీద కూలబడ్డాడు.

"బంతి నా చేతికి తగిలింది. తగలడం కూడా కాదు, నేనే నెట్టాను," అంది పిడుగు తలెత్తకుండా. "అంత దుమ్ములో ఎవరూ చూడరనుకున్నా. పైగా నీ మీద ఒట్టేశా. నీకేమన్నా అవుతుందేమోనని రోజూ భయమేస్తోంది."

పిడుగు కళ్ళు తుడుచుకుని ఆయన భుజానికి తల ఆనించింది.

"ఇంకెప్పుడూ నీ దగ్గర అబద్ధం ఆడను. నీకన్నీ కనబడతాయి. ఇంతకీ నువ్వేదో చెప్పాలన్నావు, ఏంటది?"

ఆయన కూతురి తల నిమిరాడు. ఇన్నాళ్ళ బరువు దిగిపోయి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు.

ఆ రోజు దుమ్ములో ఆయన ఈల ఊదలేదు, తుమ్మాడు.