రెండో ప్రతివాది

పుంగనూరు కోర్టు వరండాలో రెడ్డెమ్మ సమన్ల కాగితాన్ని తమ్ముడు గంగాధర్ మొహాన విసిరికొట్టింది.

"తోడబుట్టినదాన్ని ముద్దాయిని చేస్తివి కదరా, నీ చేతులిరగ!"

"ముద్దాయి కాదక్కా, ప్రతివాది."

"రెండూ ఒకటే! నన్ను జైల్లో ఏపిస్తావంట గదా, అన్న అంతా చెప్పినాడులే."

పక్కనే ఉన్న పెద్దన్న మునెప్ప తలూపాడు. "వీడు అంతకు తగినోడే. మనిద్దురం ఒకే మాట మీద ఉండాలమ్మా."

గంగాధర్ తరఫు వకీలు దగ్గర గుమాస్తాగా ఉండే జయరత్నం కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది సివిల్ కేసు, జైలు యాడిదమ్మా? మీ నాయన భూమి పంచమని నీ తమ్ముడు దావా ఏసినాడు. అడిగినోడు వాది, భాగముండే తక్కినోళ్ళంతా ప్రతివాదులు. భాగముండాది కాబట్టే నీ పేరు రాసినాడు."

రెడ్డెమ్మ గొంతు తగ్గింది. "మరి అన్న?"

"మొదటి ప్రతివాది. మొన్ననే జవాబు దాఖలు చేసినాడు."

"ఏమని?"

"అవన్నీ లాయర్ల రాతలు, పదమ్మా," అంటూ మునెప్ప ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె కదల్లేదు.

జయరత్నం ఫైలు తెరిచి చదివాడు: "రెండో ప్రతివాదికి ఈ భూమిలో ఎలాంటి హక్కూ లేదు."

"ఆ రెండో ప్రతివాది ఎవురప్పా?"

"నువ్వేనమ్మా."

రెడ్డెమ్మ చెయ్యి విదిలించుకుంది.

"ఒకే మాట మీద ఉండాలంటివే. ఆ మాట ఇదేనా అన్నా?"