ఒసే జలజా, కరెంటు పోద్దే!

ఏడో తరగతిలో బడి మానేసినవాడి పేరు ఆల్బం అట్ట మీద ఎందుకనుకుందో ఏమో, బొడ్డేటి జలజ నా పేరు ఎక్కడా వెయ్యలేదు. ముప్పై ఏళ్ల కిందట అనకాపల్లిలో, నా మైకుసెట్టు కొట్లోనే ఆవిడ మొదటి ఆల్బం "సిగ్గులేని స్విచ్చి" రికార్డు చేశాం. కీబోర్డు నాది, నోరు ఆవిడది. జాకెట్టు హుక్కుల మీద ఆవిడ కట్టిన పాటల్ని వీధంతా తిట్టింది, తలుపులేసుకుని వింది.

నాలుగో పాట మధ్యలో లైటు మిణుకుమంది. మైకు ఆపకుండానే "ఒసే జలజా, కరెంటు పోద్దే!" అని అరిచేశాను.

"పోతే పోనీ, నువ్వు వాయించరా" అంది. నా కేక పాటలో ఉంచి, తన జవాబు మాత్రం తీసేసింది.

ఆ పాట ఎంత పాకిందంటే, మిషన్లన్నిట్లోకీ ఎక్కేసింది. ఇప్పుడు బస్సు తలుపులు ఆ పాట దరువుతోనే మూసుకుంటాయి. ఛార్జింగు తగ్గితే బళ్లో పిల్లల కరెంటు బల్లలు కూడా నా కేకే వేస్తాయి.

ఇవాళ మా కుక్కరు వేసింది.

"అది నా గొంతే" అన్నాను, వెయ్యోసారి.

"ఏదీ, అనండి చూద్దాం" అంది మా ఆవిడ పైడమ్మ.

కుక్కరు మీదకి వంగి అరిచాను. అదొక్క క్షణం ఆగి, ఇరవయ్యేళ్ల జలజ గొంతుతో "పోతే పోనీ, నువ్వు వాయించరా" అంది. ఇన్నేళ్లలో ఏ మిషనూ ఎవరితోనూ ఆ మాట అనలేదు.

పైడమ్మ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మీ గొంతు వింటేనే పలికేలా ఆ మాట దాచిందన్నమాట, మహాతల్లి. ఆ కీబోర్డు కొనడానికేనా మన పెళ్లికి ముందు పొలం అమ్మేశారు?"

"దానికే."

"ఎంత?"

"ముప్పై ఎనిమిది సెంట్లు."