గ్లాసుడు పంచదార నీళ్లు

చేతిలో పంచదార నీళ్ల గ్లాసుతో తవిటమ్మ తన ఫ్లాటు లోపల, తలుపు ముందు నిలబడింది. ఎదురింటి గౌరమ్మకు షుగరు పడిపోయింది. "ఒలే తవిటీ, కళ్లు తిరిగిపోతన్నాయే" అని ఇప్పుడే నడవ అవతల నుంచి కేకేసింది.

"ఏ ధరకు అమ్ముతున్నారు?" అని అడిగింది తలుపు.

"అమ్మడమేటి? ఊరికే ఇత్తన్నాను."

నోరు జారింది. ఎదురింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపని కాలపు మనిషి మరి. ఇప్పుడు ఊళ్లో తలుపులూ దుకాణాలూ అన్నీ ఒకే నమ్మకం మీద నడుస్తున్నాయి: లాభం లేనిదే మనిషి వేలు కూడా కదపడు. ఊరికే ఇచ్చేవాడి మనసులో ఏదో మోసం ఉండే ఉంటుంది.

తలుపు గడియ బిగించుకుంది. "ఊరికే ఎవరూ ఇవ్వరు. మీ లాభం చెప్పండి."

"రూపాయికి అమ్ముతాను, తియ్యి!"

"కొనేవారు ఒప్పుకోవాలి."

"ఒలే గౌరీ! కొంటానని ఒక్క మాట అనవే!"

అవతల ఏదో గిన్నె పడిన చప్పుడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

తవిటమ్మ తలుపును భుజంతో గుద్దింది. సగం నీళ్లు ఒలికిపోయాయి. "అది సచ్చిపోతే నాకు జన్మలో నిద్దరట్టదు! అదే నా లాభం! తియ్యవే!"

తలుపు కాసేపు లెక్క వేసుకుంది. "ఇది సరైన లాభమే. ఒప్పుకుంటున్నాం."

తవిటమ్మ గడియ లాగింది. అది కదల్లేదు. తలుపులోని చిన్న అర తెరుచుకుని ఒక డబ్బా బయటికొచ్చింది.

"నిద్రమాత్రలు," అంది తలుపు. "ఎదురింటామె బతకడం కంటే మీకు ఇవే చౌక."