డొల్ల పలికిన చోటు

కాంపౌండరు పూలచెయ్యి పేరెత్తితే చాలు, టైల్స్ మేస్త్రి ఉమ్మేస్తాడు. సూది గుచ్చినా నొప్పి తెలియనివ్వడని జనం పెట్టిన పేరది. జనానికేం, ఏ పేరైనా పెడతారు. బుగ్గిపాలైంది మేస్త్రి సంసారం.

పాతికేళ్లు నేలమీద మోకాళ్లేసి పనిచేస్తే మోకాళ్లు మిగులుతాయా? డాక్టరు కీలులోకి ఒక స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేశాడు.

"నాలుగు నెలలదాకా మళ్లీ అడక్కు. మాటిమాటికీ వేయించుకుంటే మగ హార్మోను పడిపోతుంది. మొహం ఎర్రబడుతుంది, నిద్ర పట్టదు, కోరిక చస్తుంది, బీజం తగ్గుతుంది. మానేస్తే సర్దుకుంటుందనుకో."

ఆ చివరి మాట మేస్త్రి చెవికెక్కలేదు.

నెల తిరక్కుండానే నొప్పి తిరగబెట్టింది. ఆస్పత్రి వెనక గదిలో పూలచెయ్యిని పట్టుకుని కాళ్లావేళ్లా పడ్డాడు.

"డాక్టరుకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది, మేస్త్రీ."

"నా కాలు పడిపోతే నీ ఉద్యోగం నాకిస్తావా?"

అలా నెలకొకటి, మొత్తం ఆరు. మోకాలు మాట విన్నది. ఒళ్లు మాత్రం డాక్టరు చెప్పినట్టే చేసింది. చెంపలు కుంపట్లయ్యాయి. నిద్ర పారిపోయింది. భార్య మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి తనది కాదనిపించేది.

ఆరో సూది పడ్డ నెలలోనే ఆమె నెల తప్పింది. పెళ్లయిన పదకొండేళ్లకి.

మేస్త్రికి చదువు తక్కువ, చెవి ఎక్కువ. పరిచిన టైల్ మీద తాపీ పిడితో ఒక్క దెబ్బ కొడితే, కింద సిమెంటు పట్టిందో, డొల్లో చెప్పేస్తాడు. పెళ్లాన్నీ అలాగే కొట్టి చూశాడు, ఒక్క ప్రశ్నతో.

"ఎవరిది?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "మీదేనండీ... ఇంకెవరిది?"

గొంతు వణికింది. డొల్ల, అనుకున్నాడు.

పుట్టింటికి పంపేశాడు. కాన్పులో ఆమె పోయింది. కబురొస్తే కదల్లేదు. నెల్లాళ్లకి బావమరిది ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో పసిగుడ్డును పట్టుకొచ్చాడు.

"పిల్లల్లేని వాళ్లెవరో పెంచుకుంటారట, బావా. ఎక్కడివాళ్లో మనకి చెప్పరట. సంతకం పెట్టేముందు ఒక్కసారి మొహం చూడు."

"సంతకం ఎక్కడ?" అన్నాడు మేస్త్రి.

నాలుగేళ్లయింది. ఏ ఇంట్లో ఏ టైల్ మీద కొట్టినా కిందనుంచి అదే గొంతు. మీదేనండీ. రాయిలా పట్టిన టైళ్లు కూడా పీకి మళ్లీ వేస్తున్నాడు. తాపీ పక్కన పెట్టినా ఆగదు. గొంతు వెనకాలే పసిపిల్ల ఏడుపు మొదలవుతుంది.

"నీకు చెవుడైనా రాదేంట్రా బాబూ!" అని తల పట్టుకుంటాడు కంట్రాక్టరు.

మొన్న ఆ కంట్రాక్టరే ఒక కొత్తింటికి పంపాడు. గుమ్మంలో నిలబడ్డ ఇంటాయన పూలచెయ్యి. మేస్త్రి అతని చొక్కా పట్టేసుకున్నాడు.

"నీ సూదులు నా మగతనం తినేశాయిరా! లేకపోతే నా పెళ్లాం ఇంకొకడి బిడ్డని ఎందుకు మోస్తుంది?"

"నామీదకి నెట్టకు, మేస్త్రీ!" పూలచెయ్యి గోడకి అతుక్కుపోయాడు. "నా పిల్లల మీద ఒట్టు. మందుల బీరువా తాళం డాక్టరు దగ్గరుంటే నీకెక్కడినుంచి తేను? నేను గుచ్చిన ఆరూ ఉత్త సెలైన్ నీళ్లే."