అబ్బా, యాడుండావ్?

ముజమ్మిల్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఇనాయా ఒక అడుగు వెనక్కి వేసింది.

అతను ఆగిపోయాడు. పాప వెనక కొంచెం దూరంలోనే ఎర్రబండ తెగిపోయి ఉంది. దాని తర్వాత ఏమీ లేదు. ఎక్కడో కింద, లోయ అడుగున, పెన్నా నీళ్ళు మెరుస్తున్నాయి.

"రా బంగారూ, ఈడికి రా" అని చేయి చాపాడు.

"పో!" అంది పాప. "అమ్మీ యాడ?"

అమ్మీ కావాలనే వెళ్ళింది. ఇనాయా కడుపులో ఉండగా కువైట్ వెళ్ళిన ముజమ్మిల్, పోయిన శుక్రవారమే ప్రొద్దుటూరులో ఇల్లు చేరాడు. అతను ఈ గదిలోకి వస్తే పాప ఆ గదిలోకి పోయేది. ఆ భయం పోగొడదామనే పరుపూ పొయ్యీ ఉన్న క్యాంపర్ వ్యాను ఒకటి బాడుగకు తీసుకుని ముగ్గురూ గండికోటకు వచ్చారు. వ్యానును చెట్ల కింద ఆపి, బండలెక్కి దిగుతూ లోయ వెంబడి ఇంత దూరం నడిచారు.

"నేను పక్కనుంటే అది నీ మొగం గూడా చూడదు. వ్యాను కాడికి పోయి పాలు కాచుకోనొస్తా. మీ ఇద్దరే ఉంటే అలవాటైతాది" అని భర్త చెవిలో చెప్పి, ఫోనులో పాటలు పెట్టి పాప చేతికిచ్చి, ఆర్షియా చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

పాటలు వచ్చినంతసేపూ పాప బాగానే కూర్చుంది. అవి ఆగిపోగానే తలెత్తి చూసింది. అమ్మీ లేదు. ఎదురుగా ఉన్నది ఈ కొత్త మనిషి ఒక్కడే. లేచి నిలబడి, అతని మీది నుంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

ముజమ్మిల్ మెల్లగా మోకాళ్ళ మీదికి వంగాడు. జేబులోంచి చాక్లెట్ తీసి చూపించాడు. పాప తల అడ్డంగా ఊపి ఇంకో అడుగు వెనక్కి వేసింది. మడమ తగిలి ఒక రాయి దొర్లి అంచు దాటింది. అది కింద పడిన చప్పుడు వినపడలేదు.

ఉరికి పట్టుకుందామంటే, తను చేరేలోపు పాప వెనక్కి పరుగెత్తితే?

అప్పుడే బండల మలుపులో మాటలు వినిపించాయి. పులివెందుల నుంచి చూడవచ్చిన ఒక కుటుంబం. ముందు నడుస్తున్న పెద్దాయన పాపను చూసి కేకేశాడు.

"ఓ అప్పా! పాప అంచుకు పోతాంది. ఏంది అట్ల జూస్తాండావు? ఉరుకు!"

ఆ కేకకు పాప ఉలిక్కిపడి మరో అడుగు వెనక్కి వేసింది. ఏడుపు అందుకుంది.

ముజమ్మిల్ వెనక్కి తిరగకుండానే చేయెత్తి ఆపాడు. "అరవొద్దు మామా. నీకు దండం పెడతా. అందరూ ఆడ్నే నిలబడుకోండి."

"పాప నీకేమైతాది?"

"నా కూతురు."

"కూతురా? మరి నిన్ను జూసి అంత బయపడతాందేందప్పా?"

ఆ గొంతులో అనుమానం ఉంది. ముజమ్మిల్ కళ్ళు పాప గుప్పిట్లో ఉన్న ఆర్షియా ఫోను మీద పడ్డాయి. తన ఫోను తీశాడు. సిగ్నల్ ఒక్క గీతే ఉంది. వీడియో కాల్ నొక్కాడు. కలవలేదు. మళ్ళీ నొక్కాడు. పాప లోయ వైపు తిరిగి "అమ్మీ!" అని పిలిచింది.

పాప చేతిలో ఫోను మోగింది.

పాప ఏడుపు ఆపి దాని వైపు చూసింది. రోజూ కువైట్ నుంచి నాన్న వీడియో కాల్ రాగానే, అమ్మీ ఒళ్ళో కూర్చుని ఆ పచ్చగుర్తును నొక్కేది తనే. బొటనవేలితో దాన్ని పైకి తోసింది. తడి ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"అబ్బా!"

"ఆ, అబ్బానే బంగారూ." గాలి హోరులో ఫోనును ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, అన్నాడు. "నిలబడుకోనుండావేంది? కూర్చో. కూర్చోని మాట్లాడుకుందాం."

పాప ఉన్నచోటే చతికిలబడింది. ముజమ్మిల్ వెనక, ఆ కుటుంబంలో ఎవరో ఆడమనిషి గట్టిగా ఊపిరి వదిలింది.

ముజమ్మిల్ వంగి, పొదల చాటున పక్క నుంచి పాప వైపు జరుగుతున్నాడు. కళ్ళు పాప మీద, ముఖం ఫోనులో.

"అబ్బా, యాడుండావ్?"

"దగ్గర్నే ఉండా."

"ఎప్పుడొస్తావ్?"

"వస్తాండా బంగారూ. వచ్చేసినా. ఏదీ, అబ్బాకు ఒక ముద్దు పెట్టు."

పాప కళ్ళు మూసుకుని ఫోనుకు పెదాలు ఆనించింది.

ముజమ్మిల్ తన ఫోనును బండ మీద పడేసి దూకాడు. నడుం పట్టి పాపను ఎత్తుకుని, అంచుకు దూరంగా, ఆ కుటుంబం నిలబడి ఉన్న చోటి దాకా పరుగెత్తి అక్కడే కూలబడిపోయాడు. మోకాళ్ళు చీరుకుపోయి రక్తం కారుతోంది.

"బతికించినావప్పా, బతికించినావు" అంటూ పెద్దాయన అతని వీపు నిమిరాడు. అవతల పాలసీసా పట్టుకుని ఆర్షియా ఉరికి వస్తోంది.

ముజమ్మిల్ కూతుర్ని గుండెకు అదుముకుని మొదటిసారి ఆ చిన్న తల మీద ముద్దు పెట్టుకున్నాడు. "అయిపాయ బంగారూ, అయిపాయ. అబ్బా వచ్చేసినా."

ఇనాయా అతని గడ్డం పీకి, చెంప రక్కి, ఫోనును రెండు చేతులా పట్టుకుని, అందులో కనిపిస్తున్న ఖాళీ ఆకాశం కేసి గొంతు పగిలేలా అరిచింది.

"అబ్బా! బిన్న రా, తొందరగా రా అబ్బా! ఈ మామ నన్ను ఎత్తుకపోతాండాడు!"