తాళం వేసిన గదిలో తేమ

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో మహేశ్వర్ ఒక్కడే మిగిలాడు. మట్టిగోడల్లో వేడి, తేమ ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం అతని పని. పెన్‌పహాడ్‌లోని తన పడకగది గోడకే సెన్సర్లు బిగించాడు. భార్య నాగరాణి పోయాక, ఆరు నెలలుగా ఆ గదికి తాళమే.

అయినా రాత్రి పది దాటితే గోడలో తేమ పెరుగుతోంది. తెల్లవారితే తగ్గుతోంది. లెక్క కలవడం లేదు.

గదిలో పడుకునే మనిషి ఊపిరి కూడా లెక్కలోకి వస్తుంది. మనుషుల సంఖ్య సున్నా తీసి, ఒకటి వేశాడు. తెర మీద లెక్క గీత, గోడ సెన్సర్ల గీత ఒకటైపోయాయి.

బావమరిది జానయ్యకు ఫోన్ చేసి, ఆ గదిలో ఎవరైనా పడుకుంటున్నారా అని అడిగాడు.

"గాడ ఎవరుంటరు బావా? ఇంటి ముంగటనే ఉన్న. తీసి సూడాల్నా?"

ఫోన్‌లో తాళం గలగలమంది.

"తియ్యకు జానయ్యా! బయటి గాలి తగిలితే ఆ ఊపిరి తడి ఆరిపోతది."